మగ్గం వెనక కుడి ఎడమలు

నా పేరు రామక్క. తమిళ సీమలో సూలూరు పక్కన పవర్‌లూమ్ షెడ్లలో పడుగు అతికే పని చేసి, చూపు మసకబారాక మానుకున్నాను. ఈ పనిలోకి ఇంకా కొత్త పిల్లలు వస్తున్నారు. తక్కువమందే, అయినా వస్తున్నారు. వాళ్ళకు పనిలో చేరేటప్పుడు ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి చెప్తున్నాను, నా కోడలు జయంతి రాస్తోంది.

నాకు రాయడం రాదు. బస్సు మీద ఊరి పేరు తమిళంలో చదువుతాను, అంకెలు చదువుతాను, అంతే. తెలుగు మా ఇంటి మాటే గాని దాని అక్షరం ఎట్లా ఉంటుందో జయంతి మా ఇంటికి వచ్చాకే చూశాను. అది హోసూరు పిల్ల, అక్కడ తెలుగు బడిలో చదువుకుంది. నా మాటలో సగం తమిళం ఉంటుందట, దువ్వి జడ వేసి రాస్తానంది. "జడ వేసుకో, పూలు మాత్రం పెట్టొద్దు" అన్నాను.

ఈ పని ఏమిటంటే

మగ్గం మీద పొడుగునా సాగే దారాలు పడుగు. బీము అనే లావాటి గుండ్రటి కడ్డీకి చుట్టిన పడుగు నేసి అయిపోగానే కొత్త బీము తెచ్చి మగ్గానికి వెనక ఎక్కిస్తారు. పాత పడుగు కొసలు మాత్రం మగ్గంలో అట్లాగే ఉంటాయి. ఆ పాత కొస ఒక్కొక్కదానికి కొత్త కొస ఒక్కొక్కటి చేర్చి నులమాలి. వేలికి బూడిద అద్దుకుని, రెండు కొసలు పక్కపక్కన పెట్టి, బొటనవేలితో ఒక్క తోపు. ముడి పడకూడదు, ఉబ్బు ఉండకూడదు, లాగితే ఊడకూడదు. అట్లా వేల దారాలు. కూర్చున్న మనిషి లేచేసరికి మెడ తన మెడలా ఉండదు.

మగ్గం నడిపేవాడు ముందు నిలబడతాడు. బట్ట ఆయన వైపే పుడుతుంది, మంచి ముఖం నేల వైపు తిప్పుకుని. అతికే మనిషి వెనక ఇరుకులో పీట వేసుకుని కూర్చుంటుంది. ఆయన ముఖం మాకు, మా ముఖం ఆయనకు, మధ్యలో దారాలు. ఇది గుర్తు పెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

ఈ పనిలో ఒక సుఖం కూడా ఉంది. కరెంటు పోతే మగ్గాలు ఆగి మగవాళ్ళంతా టీకి బయటికి పోయేవాళ్ళు. మాకు కరెంటుతో పని లేదు. కిటికీ పక్కకు జరిగి చేసుకుంటూ ఉండేవాళ్ళం. షెడ్డులో మనిషి గొంతు వినబడేది అప్పుడే. పెళ్ళి సంగతులూ, అత్తల మీద చాడీలూ, ఎవరికి నెల తప్పిందో, అన్నీ కరెంటు పోయినప్పుడు విన్నవే. కరెంటు వచ్చిందంటే సగం కథ దగ్గర నోరు మూసుకోవాలి. కొన్ని కథల చివర నాకు ఇప్పటికీ తెలియదు.

వెంకటాచలం మేస్త్రి నడిపించిన నడక

పని నేర్చుకునే రోజుల్లో పక్కపక్కన ఉండే నీలం దారం, తెల్ల దారం తారుమారు చేసి అతికాను. పెద్ద విషయం కాదనుకున్నాను. బట్ట దిగాక మేస్త్రి నన్ను పిలిచాడు. వెంకటాచలం మేస్త్రి అరిచే మనిషి కాదు. షెడ్డు బయట వాకిట్లో ఆ బట్టంతా పరిపించాడు. నీలం గీతలో సన్నగా ఒక తెల్ల చార కనబడింది.

"రామక్కా, దాని పక్కనే నడువమ్మా" అన్నాడు.

నడిచాను. వాకిలి అయిపోయింది, బట్ట అవలేదు. మలిచి మళ్ళీ పరిచారు. మళ్ళీ నడిచాను. ఆ చార నాతోనే వచ్చింది. కొస దాకా వచ్చింది. అక్కడ నిలబడి చూస్తే మేస్త్రి చిన్నగా కనబడ్డాడు.

"ఆడ రెప్పపాటు పని. ఈడికి ఎంత దూరం వచ్చిందో చూసినావా?" అన్నాడు. అంతే. ఆ తరవాత నేను పిల్లలకు నేర్పినప్పుడు కూడా తిట్టలేదు, నడిపించాను.

మా షెడ్డు యజమాని పెద్ద ముదలాళికి నూలు బాగా తెలుసు. దారం పంటి కింద పెట్టి కొరికి ఏ మిల్లుదో చెప్పేవాడు. ఆయనా తెలుగు మాట్లాడే నాయుడే, మేమూ తెలుగే, అయినా మాకు నీళ్ళ చెంబు వేరే ఉండేది. ఇది రాయమని జయంతికి చెప్పాను. ఆయన కొడుకు చిన్న ముదలాళి గోవిందసామి వచ్చాక ఆ చెంబు కనబడలేదు. ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు. ఈయనకు నూలు అంతగా తెలియదు, కాని తెలియదని ఒప్పుకుంటాడు. అట్లాంటివాడి కింద పని సులువు.

మా ఆయన ఆ షెడ్డులోనే మగ్గం నడిపేవాడు. ముందు ఆయన, వెనక నేను. దారం తెగితే "రామా, ఎడమ పక్క" అనేవాడు, నా చేయి ఎడమకు పోయేది, దారం అక్కడే ఉండేది. పెళ్ళయినప్పటి నుంచి అంతే. గుండె పట్టుకుని ఒక పొద్దున పోయాడు. ఆయన దగ్గరే మగ్గం నేర్చుకున్న పళని ఆ చోట నిలబడ్డాడు. పళని కూడా "పెద్దమ్మా, ఎడమ పక్క" అనేవాడు. నా చేయి పోయేది, దారం అక్కడే ఉండేది. పని ఎప్పటిలా సాగింది. సాగడమే నాకు అప్పుడు కావలసింది.

మూత తీసి పెట్టిన పెట్టె

పని మానుకున్నాక పొద్దు పోలేదు. వేళ్ళు ఊరికే ఉండవు గదా, కొంగు దారాలు పీకి నులుముతూ కూర్చునేదాన్ని. నా చోట కనక చేరింది. పళని పెళ్ళాం. పనికి పోయేటప్పుడు తన చంటిపిల్లను నా దగ్గర వదిలిపోయేది.

జయంతి సూలూరు బస్టాండు దగ్గర జిరాక్సు కొట్టులో పని చేస్తుంది. షెడ్డు ఆఫీసులో పాత కంప్యూటరు నడవలేక నడుస్తోందని చిన్న ముదలాళి పారేయబోతే అడిగి ఇంటికి తెచ్చింది. ఒక ఆదివారమంతా దాని ముందు కూర్చుని పాతది చెరిపి, పెట్టెను నడిపించే కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించింది. సాయంత్రానికి తెర మీద పెంగ్విన్ పక్షి బొమ్మ వచ్చింది, పెట్టె చురుగ్గా నడిచింది.

"ఇది ఎవురిది?" అన్నాను.

"ఎవురిదీ కాదత్తా, అందరిదీ. దేశదేశాల్లో ఉండేవాళ్ళు కలిసి చేసి పెట్టుండారు. కావాల్సినవాళ్ళు తీసుకోవచ్చు."

"సుమ్మా, ఊరికే ఇస్తుండారా?"

"సుమ్మానే."

"ఏంటికి?"

జయంతి నవ్వింది. "అది నాకూ తెలీదత్తా. కాని లోపల ఎట్ల చేసినారో తెరిచి చూడొచ్చు, మనకు తగినట్టు మార్చుకోనూ వచ్చు."

"తెరిచి చూపించు."

చూపించింది. వరసలు వరసలుగా అక్షరాలు, కొన్ని లోపలికి జరిగి, కొన్ని బయటికి. ఒక్క ముక్క నాకు తెలియలేదు, జయంతికీ తెలియదట. అయినా చాలాసేపు చూశాను. షెడ్డులో అంచు బొమ్మకు దారాలు ఎత్తే డాబీ అనే పెట్టె ఉంటుంది. దాని మూత ఫిట్టరే తెరవాలి. లోపల ఏముందని అడిగితే "నీకేంటికి రామక్కా, నువ్వు దారం చూసుకో" అనేవాడు. అన్నేళ్ళు దాని పక్కన కూర్చుని లోపల చూడలేదు. ఇక్కడ ఎవరో ముఖం తెలియని మనుషులు పని చేసి మూత తీసే పెట్టారు. అర్థం కావడం తరవాత సంగతి.

అప్పటి నుంచి అదే నా ఆట. పిల్ల నిద్రపోగానే పెట్టె ముందు కూర్చునేదాన్ని. అక్షరం రాకపోయినా బొమ్మలు గుర్తు పడతాను. ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో ఒక్కొక్కటి నొక్కి చూశాను. ఒకసారి తెరంతా తలకిందులయింది. జయంతి వచ్చి సరిచేసే దాకా నేనూ తల వంచుకునే చూశాను.

ఊళ్ళ పటం ఒకటి ఉంది, దాన్ని ఎవరైనా నింపవచ్చు. మా కాలనీ ఉన్న చోట ఖాళీగా ఉంటే నేను చెప్పాను, జయంతి గీసింది, సందులూ, మారియమ్మ గుడీ, వీధి కుళాయీ. ఇప్పుడు లోకంలో ఎవరు చూసినా మా కుళాయి కనబడుతుందట. వాళ్ళకు దానితో ఏం పనో నాకు తెలియదు. మాట్లాడితే రాసేది కూడా ఒకటి జయంతి దించింది. అది నా మాట వినకుండా తన మనసుకు వచ్చింది రాసింది. జయంతి పెద్దగా చదువుతుంటే ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఇంకొన్నాళ్ళు బడికి పోనీ అని దాన్ని పక్కన పెట్టాం.

ఆ తరవాత నేత గీసే పేజీ దొరికింది. గడులు గడులుగా ఉంటుంది. పైన పడుగు రంగులు, పక్కన పేక, అంటే అడ్డంగా పోయే దారాల రంగులు. ఒక గడి నొక్కితే కింద బట్ట మారిపోతుంది. అది నేతదని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. నీలం పక్కన తెలుపు పెట్టాను, మార్చాను. చార వచ్చింది, మేస్త్రి నన్ను నడిపించిన చారే. ఇంకో నొక్కు నొక్కాను, పోయింది. నడవక్కర్లేదు. దారాలు పేకకు దొరక్కుండా తేలిపోయేట్టు కావాలనే చేసి చూశాను. నిజం మగ్గంలో అయితే పడుగు పాడు, తిట్లు, కన్నీళ్ళు. ఇక్కడ ఎన్ని తప్పులైనా చేయవచ్చు. పని నేర్చుకునేటప్పుడు ఇది ఉండి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో.

గాంధీపురం అమ్మ తెచ్చిన పాత గుడ్డ

అప్పటికి షెడ్డుకు పని తగ్గిపోయింది. తువ్వాళ్ళు నేయించుకునే వ్యాపారి పెద్ద మగ్గాల వైపు పోయాడు. పండగ దాకా చూసి మగ్గాలను ఇనుము కింద అమ్మేస్తానని చిన్న ముదలాళి చెప్పేశాడు. ఆ సాయంత్రం పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన కనక గడప మీదే కూర్చుండిపోయింది.

"షెడ్డు పోతే ఆయన తిరుపూరు బనియన్ కంపెనీకి పోతాడంట. నేను మిల్లు వ్యాను ఎక్కాల. పొద్దు పొడవకముందే వస్తుంది అది. పిల్లను బోడినాయకనూరులో మా అమ్మ దగ్గర వదలాల్సిందే."

"మీ అమ్మ ఏలకుల గ్రేడింగుకు పోతుంది గదా, పిల్లను ఎవురు చూస్తారు?"

"బుట్టలో పడుకోబెట్టుకుంటాదంట. నన్నూ అట్లనే పెంచింది." పిల్ల వైపు చూసి అంది, "నెలకొకసారి పోయి చూస్తే, అది నన్ను గుర్తు పడుతుందా పెద్దమ్మా?"

పిల్లను ఒళ్ళోకి లాక్కున్నాను. పిల్ల నా చీర కొంగు నోట్లో పెట్టుకుని ఉంది.

ఆ వారమే గాంధీపురంలో చీరల కొట్టు నడిపే ఒక అమ్మ షెడ్డుకు వచ్చింది. చేతిలో ఉయ్యాల కట్టి కట్టి నలిగిపోయిన గళ్ళ గుడ్డ ముక్క. వాళ్ళ అవ్వ చీర. ఇట్లాంటివి ఈ పక్క షెడ్లలో నేసేవాళ్ళని విని వెతుక్కుంటూ వచ్చింది. పెద్ద మిల్లులు ఇంత కొంచెం నేయవు. మొదటి చీర నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తానంది. గుడ్డలో నడిమి గళ్ళు ఉన్నాయి గాని, అంచులు చిరిగిపోయాయి, కొంగు లేదు. చిన్న ముదలాళి నాకు కబురు పెట్టాడు.

తడిమి చూశాను. "దీన్ని నేను అతికుండాను. ఒక పక్క గోపురాల పెద్ద అంచు, ఒక పక్క చిన్న అంచు."

"గుర్తుండాదా రామక్కా?"

"నాకు గుర్తు లేకున్నా చేతికి ఉండాది."

ఇంటికి వచ్చి నేత పేజీలో గీశాను. కొన్ని రోజులు పట్టింది. గళ్ళు గుడ్డను చూసి, అంచులు గుర్తుతో. కళ్ళు మూసుకుని పీట మీద కూర్చున్నట్టు అనుకుంటే, పెద్ద అంచు దారాలు నా ఎడమ చేతి కింద కదిలాయి. ఎడమ పక్కనే పెట్టాను. ముందు నేసే కొంగు కింద, తరవాత నేసే చీర ఒళ్ళు పైన. జయంతి రంగుల్లో అచ్చు తీసి షెడ్డులో ఇచ్చింది. ఆ కాయితం చూసి పడుగు చుట్టారు. చీర కొత్తది గనక అతకడం కుదరదు, ఒక్కొక్క దారం కొత్తగా మగ్గంలో దూర్చాలి. కనక వెనక కూర్చుని అందిస్తే పళని ముందు నుంచి కొక్కెంతో లాగాడు. డాబీ కట్టారు. అంతా నా బొమ్మ ప్రకారమే.

ఎవరి ఎడమ

మొదటి చీర దిగిన రోజు గాంధీపురం అమ్మ వచ్చింది. నేనూ పిల్లను చంకన వేసుకుని పోయాను. ఆమె చీర విప్పి, రంగు చూసి, గళ్ళు చూసి, నవ్వు ముఖంతో కనకను దగ్గరికి పిలిచింది. కొంగు కనక ఎడమ భుజం మీద వేసి, నడుము చుట్టూ తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. కాలి దగ్గర ఉండాల్సిన గోపురాలు కనక మెడ దగ్గర ఉన్నాయి. చిన్న అంచు నేల మీద ఉంది.

"ఏంది ముదలాళీ, గోపురాలు గొంతుకు ఎక్కినాయే?"

"లోపలి పక్క పైకి తిప్పి కట్టుకుంటే సరిపోదా అమ్మా?"

"అప్పుడు తేలిన దారాలన్నీ పైకి వస్తాయి. దాన్ని ఎవురు కడతారు, మీ ఇంట్లో కడతారా?"

చిన్న ముదలాళి పళని వైపు చూశాడు. పళని కాయితం తెచ్చి చూపించాడు. "బొమ్మలో ఎడమ పక్క ఉండాది, నేను ఎడమ పక్కే నేసినా."

అందరూ నన్ను చూశారు. "పెద్ద అంచు ఎడమ పక్కే" అన్నాను. "నాకు బాగా తెలుసు. నా ఎడమ చేతి కిందే ఉండేది."

పళని కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవురి ఎడమ, పెద్దమ్మా?"

ఆ మాట నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. పళనే చెప్పాడు. దారం తెగితే వెనక కూర్చున్నవాళ్ళ పక్క చెప్పమని మా ఆయన నేర్పాడట. తన కుడిని మనసులో తిప్పి, వెనకవాళ్ళకు ఎడమ అని చెప్పాలి. "వాళ్ళు దారాల్లో మునిగి ఉంటారు, వాళ్ళను ఎంచనీకూడదు, నువ్వే ఎంచుకో అనేవాడు పెద్దాయన." మా షెడ్డులో అందరిదీ అదే అలవాటు. అందుకని నాకు ముందు పక్క ఎట్లా ఉంటుందో ఆలోచించే పని పడలేదు. ఎడమ అంటే లోకమంతటికీ నా ఎడమే అనుకుని బతికాను. నేను గీసింది వెనక కూర్చున్న ఎడమ, పళని నేసింది ముందు నిలబడ్డ ఎడమ.

గాంధీపురం అమ్మ చీర మడిచి బల్ల మీద పెట్టింది. "సోమవారం ఈ పక్క మళ్ళీ వస్తాను. సరైన చీర ఉంటే చూస్తాను, లేకుంటే వేరే ఊరు" అని పోయింది.

బీమంతా అట్లాగే చుట్టి ఉంది. కొసలు మార్చి ఎక్కించాలంటే దూర్చిన దారాలన్నీ కోసి మొదటి నుంచి దూర్చాలి, డాబీ మళ్ళీ కట్టాలి. సోమవారానికి అయ్యే పని కాదు. చిన్న ముదలాళి కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇనుము వానికి ఫోను చేస్తా" అని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే నయంగా ఉండేది. కనక పిల్లను నా చంక నుంచి తీసుకుని, చీర మడత దగ్గరికి కూడా పోకుండా వెనక పీట మీద కూర్చుంది.

తువ్వాలుకు పసుపు

మరునాడు పిల్ల నిద్రపోయాక నేను పెట్టె ముందు కూర్చున్నాను. దారి వెతకాలని కాదు, తప్పు ఎట్లా ఉందో చూడాలని. చీర బొమ్మ తెరిచాను. పెద్ద అంచు ఎడమ, కొంగు కింద. బాణాల బొమ్మలు ఉన్న బొత్తాలు నొక్కాను. ఒకటి నొక్కితే ఎడమ కుడి మారాయి. తెర మీద మారితే ఏం లాభం, బీము మారదు గదా. వెనక్కి తెచ్చాను. గుండ్రంగా తిరిగే బాణం నొక్కాను, బొమ్మంతా సగం చుట్టు తిరిగింది. ఇప్పుడు పెద్ద అంచు కుడి పక్కకు వచ్చింది, కింద ఉన్న కొంగు పైకి పోయింది. మళ్ళీ నొక్కాను, మొదటికి వచ్చింది. మళ్ళీ నొక్కాను. ఎందుకో తెలియకుండానే నొక్కుతూ ఉన్నాను.

కనక పిల్ల కోసం వచ్చి నా వెనక నిలబడింది.

"ఏం చేస్తుండావు పెద్దమ్మా?"

"తిప్పుతుండా. ఇది చూడు, అంచు సరైంది, కొంగు తప్పింది. ఇట్ల తిప్పితే కొంగు సరైంది, అంచు తప్పింది."

"ఆపు. దాన్ని అట్లే ఉంచు." దగ్గరికి వచ్చి తెర మీద వేలు పెట్టింది. "అంచు దారాల్లో ఉండాది, దాన్ని మనం మార్చలేము. కొంగు యాడుండాది? పేకలో. ఆయన ముందు కొంగు నేసి తరవాత ఒళ్ళు నేస్తాడు. ముందు ఒళ్ళు నేసి, చివర్న కొంగు నేస్తే?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తెర మీద నమ్మకం కుదరలేదు. పిల్ల తువ్వాలు తీసుకున్నాం. ఒక అంచుకు పసుపు రాసి పెద్ద అంచు అనుకున్నాం, ఒక కొసకు ముడి వేసి కొంగు అనుకున్నాం. నిద్ర లేచిన పిల్లను నిలబెట్టి చుట్టాం. తప్పు వచ్చింది, పసుపు మెడ దగ్గరికి. ముడి విప్పి రెండో కొసకు వేశాం, మళ్ళీ చుట్టాం. పసుపు కాళ్ళ దగ్గర ఉంది. పిల్ల ఆ పసుపంతా నోటికి రాసుకుని నవ్వింది. కనక పిల్లను తువ్వాలుతో సహా ఎత్తుకుని షెడ్డుకు పరుగెత్తింది.

పళని ముందు నమ్మలేదు. తువ్వాలు తన భుజం మీద వేసుకుని రెండుసార్లు తిరిగి చూసుకున్నాక నమ్మాడు. సోమవారం గాంధీపురం అమ్మ వచ్చేసరికి రెండో చీర బల్ల మీద ఉంది. ఆమె దాన్ని కనకకు చుట్టింది. వంగి కాళ్ళ దగ్గర గోపురాలు సర్దింది. లేచి రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"మా అవ్వ నడిచి వచ్చినట్టుండాది" అంది.

మగ్గాలన్నీ నిలవలేదు. సగం ఇనుముకు పోయాయి, అది కూడా చెప్పాలి. మిగిలిన సగం నడుస్తున్నాయి. కనక వెనక కూర్చుంటుంది, పళని ముందు నిలబడతాడు. పిల్ల నా దగ్గర ఉంది.

తప్పు చీర ఆఫీసులో వేలాడుతూ ఉండేది. మా సందులో సుబ్బక్క అని ముసలామె ఉంది. మా పాత ఆడవాళ్ళ లాగా ఆమె ఇప్పటికీ కుడి పైటే వేస్తుంది. ఒకరోజు షెడ్డుకు వచ్చి ఆ చీర పట్టుకుని కొంగు కుడి భుజం మీద వేసుకుంది. గోపురాలు తిన్నగా కాళ్ళ దగ్గరికి దిగాయి.

"ఇది నా పక్క చీర గదే" అంది. "ఇన్నాళ్ళూ అంగడి చీరలన్నీ మీ పక్కవే. ఎంత మంచి అంచైనా మెడ మీద వేసుకుని తిరిగినా."

చిన్న ముదలాళి ఆ చీర ఆమెకే ఇచ్చేశాడు. ఇప్పుడు బీము చివర మిగిలితే ఒకటో రెండో సుబ్బక్క పక్కకు నేస్తున్నారు. కావాలని అడిగే ముసలివాళ్ళు ఉన్నారు.

పీట బొమ్మ

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పే మాట ఒకటే. పని మొదలుపెట్టే ముందు ఎవరి ఎడమ అని అడగండి. అడిగితే చిన్నబోతామనుకోవద్దు. ఇంకోటి, మీ కోసం ఎవరైనా మౌనంగా లెక్క తిప్పి చెప్తున్నారేమో కనిపెట్టండి. ఆ మనిషి ఉండగానే కనిపెట్టండి.

ఆ నేత పేజీ కూడా మూత తీసి పెట్టిందేనని జయంతి చెప్పింది. కావాల్సింది ఉంటే చేసినవాళ్ళకు రాయవచ్చట. "రాయి" అన్నాను. "వెనక కూర్చునేవాళ్ళు కూడా ఉంటారని రాయి. వాళ్ళకు ఒక బొత్తాం కావాలని రాయి."

కొన్ని రోజులకు ఆ పేజీ చేసినవాళ్ళలో ఒకతని జవాబు వచ్చింది. ఏ దేశమో తెలియదు. మగ్గాన్ని వెనక నుంచి ఎవరు చూస్తారు, ఎందుకు చూస్తారు, ఒక ఫోటో పంపగలరా అని అడిగాడట. కోపంగా కాదు, తెలుసుకోవాలని. నాకు అతను నచ్చాడు. కరెంటు లేని ఒక మధ్యాహ్నం కనకను పక్కకు జరగమని, నేనే ఆ పీట మీద కూర్చున్నాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు. అయినా వేలికి బూడిద అద్దుకుని ఒక దారం పట్టుకున్నాను. జయంతి ఫోటో తీసి పంపింది.

పండగ దాటాక ఒక సాయంత్రం జయంతి పిలిచింది. నేత పేజీలో పైన కొత్త బొత్తాం వచ్చింది. దాని మీద అక్షరాలు లేవు, చిన్న పీట బొమ్మ ఉంది. నాకు చదువు రాదని జయంతి రాసిందో, ఆ మనిషికే తోచిందో.

పీట నొక్కాను. గోపురాలు నా ఎడమ చేతి కిందికి వచ్చాయి, ఎన్నో ఏళ్ళు ఉన్న చోటికి. మళ్ళీ నొక్కాను, చీరంతా అవతలి పక్కకు తిరిగింది. పిల్లను చంకన వేసుకుని కనక నా భుజం మీదుగా చూస్తోంది.

"ఇప్పుడు ఎవురి పక్క నుంచి చూస్తుండాం పెద్దమ్మా?"

"ముందు నుంచి" అన్నాను. "మా ఆయన నిలబడిన పక్క."

బట్ట అక్కణ్ణుంచి అట్లా కనబడుతుందని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. జయంతి తెర ఆపబోతే, కాసేపు అట్లాగే ఉంచమన్నాను.